సమాధానం: చలనదశలో 16 కాస్తా 32 ఎలా అయ్యాయి?

ఉల్లి వేరు కణంలో డీఎన్‌ఏ రెట్టింపయ్యాక కూడా క్రోమోజోములు 16 అనే ఎందుకు రాస్తారు, చలనదశలో (కణవిభజనలో క్రోమోజోములు చెరో కొసకు కదిలే దశ, అనాఫేజ్) మాత్రం 32 ఎలా వచ్చాయి అని అడిగారు కదా. ఇంటర్‌లో నేనూ సరిగ్గా ఇక్కడే తికమకపడ్డాను.

క్రోమాటిడ్‌లను (రెట్టింపైన క్రోమోజోమ్‌లోని రెండు ఒకేలాంటి పోగులను) కాదండీ, సెంట్రోమియర్లను (ఆ పోగులను కలిపి ఉంచే చోట్లను) లెక్కపెట్టండి. అగ్గిపుల్లలను క్రోమాటిడ్‌లనుకుని, రెండేసి చొప్పున రబ్బరుబ్యాండుతో కట్టి చూడండి. పుల్లలు 32, కట్టలు 16. కట్ట ఒకటైతే క్రోమోజోమ్ ఒకటే. సమవిభజన (పిల్లకణాల్లో క్రోమోజోముల సంఖ్య మారని మామూలు విభజన) చలనదశలో రబ్బరుబ్యాండు తెగుతుంది, ప్రతి పుల్లా సొంతంగా క్రోమోజోమ్ అయిపోతుంది. కణం ఇంకా రెండుగా విడిపోలేదు గనక కాసేపు 32. విడిపోయాక చెరో 16.

ఇక ఉల్లిపువ్వు పరాగకోశంలో (పుప్పొడి తయారయ్యే భాగంలో) జరిగే క్షయకరణ విభజన, అంటే సంఖ్య సగమయ్యే విభజన సంగతి. ఇందులో వరుసగా రెండు విభజనలుంటాయి. మొదటి చలనదశలో కట్టలు తెగవు. ఒకేరకం క్రోమోజోముల జతలోని కట్టలే చెరో వైపు వెళ్తాయి. కాబట్టి కణం మొత్తంలో 16 మాత్రమే, పిల్లకణానికి 8. సంఖ్య సగమయ్యేది ఇక్కడే, రెండో విభజనలో కాదు. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఈ ఒక్క మాటకే! రెండో విభజన దాదాపు సమవిభజనలాంటిదే: ఒక్కో కణంలో 8 కాసేపు 16 అయి, చివరికి నాలుగు కణాలకూ తలా 8.