ఇంట్లో ఆక్సిజన్ రోగి ఉండగా మోటారు మూలపడితే

ప్రశ్న: మాది భీమవరం. మావారికి 67 ఏళ్లు. రైసు మిల్లులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది, డాక్టర్లు సీవోపీడీ అంటున్నారు. రెండేళ్లుగా ఇంట్లోనే కాన్సంట్రేటర్ మీద రోజుకు పదహారు గంటలు నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఆక్సిజన్ తీసుకుంటున్నారు. షుగరు కూడా ఉంది, ఇన్సులిన్ నేనే వేస్తాను. ఈ వేసవిలో ముందు ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోయింది, తర్వాత బోరు మోటారు ఆగింది, మొన్న ఫ్రిజ్జు పాడయింది. ఒకప్పుడు ఇవన్నీ ఆయనే బాగుచేసేవారు. ఇప్పుడు కుర్చీలోంచి లేవలేరు, నేను మెకానిక్కును పిలిస్తే మాత్రం కోపగించుకుంటారు. మెకానిక్కులేమో వస్తామని చెప్పి రారు. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి డాలస్‌లో ఉంటారు. మొన్న మోటారు పక్కన నిలబడి ఏడ్చాను. ఏది ముందు చూసుకోవాలో, ఎలా నెట్టుకురావాలో చెప్పగలరా?
— ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు రాసిన మూడు వస్తువుల్లో మీవారి ఊపిరితో నేరుగా ముడిపడినది ఇన్వర్టర్ ఒక్కటే. మీరు మాత్రం మూడింటికీ ఒకే స్థాయిలో కంగారు పడుతున్నారు, అలసటకు సగం కారణం అదేనని నాకు అనిపిస్తోంది. ఆయన శ్వాసకు అవసరమైన ప్రతి వస్తువుకూ ఇంట్లో ఒక మారు ఏర్పాటు సిద్ధంగా ఉండాలి. తక్కినవి పది రోజులు పాడై పడి ఉన్నా ఇల్లు నడుస్తుందని, అలా పడి ఉండనివ్వడం మీ చేతకానితనం కాదని ముందుగా మనసుకు నచ్చజెప్పుకోండి.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కాన్సంట్రేటర్ గదిలోని గాలినే లోపలికి పీల్చుకుని, జియోలైట్ గుళికల గుండా పంపి, నైట్రోజన్‌ను వేరుచేసి, దాదాపు 90 శాతానికి మించిన ఆక్సిజన్‌ను బయటికి ఇస్తుంది. అందులో నిల్వ ఏమీ ఉండదు కాబట్టి కరెంటు పోయిన క్షణం నుంచే సరఫరా ఆగిపోతుంది. 5 లీటర్ల యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటుంది, దానికి ఒక ఫ్యాను, ఒక దీపం కలిపితే 430 వాట్ల దాకా అవుతుంది. ఇళ్లలో సాధారణంగా ఉండే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి గానీ నష్టాలు పోను అందులో మూడింట రెండు వంతులకు కాస్త ఎక్కువే చేతికొస్తుంది. అంటే కొత్త బ్యాటరీ అయినా మూడు గంటల లోపే లెక్క. నాలుగైదేళ్లు వాడిన బ్యాటరీ అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు. గాలివాన వచ్చి స్తంభాలు పడిపోయిన రోజున ఈ మూడు గంటలు ఏ మూలకూ చాలవని మీ ప్రాంతం వారికి నేను చెప్పనవసరం లేదు.

కాబట్టి కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ఇన్వర్టర్‌ను కూడా చూపించి, అది ప్యూర్ సైన్ వేవ్ రకమేనా, అంటే వీధి కరెంటులాగే ఒడిదుడుకులు లేని కరెంటు ఇచ్చేదేనా అని అడిగి తెలుసుకోండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి గానీ కాన్సంట్రేటర్‌లోని కంప్రెసర్ వేడెక్కి త్వరగా దెబ్బతింటుంది. యంత్రాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద కాకుండా ఎర్తింగ్ సరిగా ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గుకే నేరుగా పెట్టండి. ఇన్వర్టర్లకు వాడే, నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం రెండు మూడు నెలలకొకసారి చూడాలి. చార్జింగ్ సమయంలో దాని నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక, బ్యాటరీని రోగి ఉండే గదిలో కాకుండా గాలి ఆడే చోట ఉంచాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇన్వర్టర్ ఎంత మంచిదైనా సరే, ఒక బి-టైపు ఆక్సిజన్ సిలిండరును రెగ్యులేటరుతో సహా ఇంట్లో పెట్టుకోండి. నిండు బి-టైపు సిలిండరులో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున అది పన్నెండు గంటల దాకా వస్తుంది. మీటరు ముల్లు సగానికి వచ్చిందంటే ఆరు గంటలు మిగిలినట్టు. సిలిండరును గోడకు గొలుసుతో కట్టి నిలబెట్టాలి, రెగ్యులేటరు బిగుసుకుందని నూనె గానీ గ్రీజు గానీ ఎప్పుడూ రాయకూడదు. మీవారు ఫిట్టరు కాబట్టి ఈ చివరి మాట ఆయనకు ప్రత్యేకంగా చెప్పండి, ఎందుకంటే బిగుసుకున్న నట్టుకు నూనె రాయడం ఆ వృత్తిలో ఉన్నవారికి చేతి అలవాటు, ఆక్సిజన్ దగ్గర అదే నిప్పుకు దారి. అదే కారణంతో ఆ గదిలో దీపారాధన, అగరుబత్తి, దోమల చుట్ట, సిగరెట్టు ఏవీ ఉండకూడదు. దేవుడి గూడు ఆ గదిలోనే ఉంటే, మరో గదిలోకి మార్చినందుకు ఏ దేవుడూ అలగడు.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకుని గోడకు అంటించండి. ఆక్సిజన్ లేకుండా, కదలకుండా కూర్చుంటే ఆయన ఎంతసేపు ఉండగలరు? వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరులో ఏ అంకె కనబడితే 108కు ఫోన్ చేయాలి? సీవోపీడీ ఉన్నవారికి ఈ అంకెను సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య ఉంచమంటారు. ఆయాసంగా ఉందని మీ అంతట మీరు లీటర్లు పెంచకండి, ఈ జబ్బులో ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉంది.

కరెంటు బిల్లు మీద ఉండే సర్వీసు నెంబరును ఫోన్ పక్కనే రాసి ఉంచుకుని, 1912కు ఫోన్ చేసినప్పుడు మొదటి వాక్యంగా ‘ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద రోగి ఉన్నారు’ అని చెప్పండి. డాక్టరు చీటీ నకలు జతచేసి మీ సెక్షన్ ఆఫీసులో ఒక అర్జీ ఇవ్వండి, మీ లైన్‌మన్‌కు స్వయంగా ఒకసారి యంత్రాన్ని చూపించండి. అర్జీతో కరెంటు ఆగకుండా వస్తుందని నేను హామీ ఇవ్వలేను గానీ, మరమ్మతుల కోసం సరఫరా నిలిపే రోజు ముందుగా కబురు చేసే మనిషి ఒకరు ఏర్పడితే అది చిన్న విషయం కాదు.

ఫ్రిజ్జు గురించి ఎక్కువ ఆందోళన వద్దు. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కనుక వాటిని పక్కింటివారి ఫ్రిజ్జులో, డీప్ ఫ్రీజరుకు దూరంగా పెట్టించండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా చాలా రకాల్లో 25 నుంచి 30 డిగ్రీల లోపు నాలుగు వారాల వరకు బయట ఉండవచ్చు, మీ సీసా కాగితంలో ఏముందో చూసుకోండి. తడి ఇసుక పోసిన మట్టికుండలో చిన్న కుండ పెట్టి అందులో ఉంచే పద్ధతి మంచిదే గానీ, గోదావరి జిల్లాల ఉక్కపోతలో తడి అంత త్వరగా ఆరదు కాబట్టి చల్లదనం కూడా అంతంత మాత్రమే. మీ వేసవికి పక్కింటి ఫ్రిజ్జే నయం.

ఇక మోటారు, దానితో పాటు మీవారి కోపం. ఈ రెంటినీ కలిపి చెప్పడానికి కారణం ఉంది. స్విచ్ వేస్తే మోటారు హుం అని మూలుగుతూ తిరగకపోతే చాలాసార్లు తప్పు స్టార్టరు డబ్బాలోని కెపాసిటరుదే అయి ఉంటుంది, అది తక్కువ ఖర్చుతో పోయే పని. వెంటనే స్విచ్ ఆపకుండా అలాగే వదిలేస్తేనే వైండింగు కాలి ఖర్చు వేలల్లోకి వెళుతుంది. ఈ తేడాను శబ్దం విని చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లోనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. మెకానిక్కు వచ్చినప్పుడు ఆయన కుర్చీని వరండాలోకి జరిపి, ఆక్సిజన్ గొట్టం పొడవు చాలేలా చూసి, బేరమూ పరీక్షా ఆయన చేతనే చేయించండి. చేతులు ఆడకపోయినా ఆయన అనుభవానికి ఏ లోటూ రాలేదు. మీరు ఆయనకు శ్రమ ఇవ్వకూడదని చాటుగా పిలిపించి చాటుగా పంపేస్తున్నారేమో ఆలోచించండి, ఆ చాటుతనమే ఆయనను నొప్పిస్తూ ఉండవచ్చు. ఇంట్లోని ప్రతి యంత్రం ఎప్పుడు కొన్నదీ, ఏ భాగం ఎప్పుడు మార్చిందీ, ఏ స్విచ్ దేనిదో ఆయన చెబుతుంటే మీరు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మెకానిక్కుకు ఫోన్ చేసినప్పుడు ‘మోటారు పనిచేయడం లేదు’ అనే మాటకూ ‘ఒకటిన్నర హెచ్‌పీ మోటారు, మూలుగుతోంది, కెపాసిటరు తీసుకురండి’ అనే మాటకూ ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. కోపం ఆయన పాత స్వభావమే అయితే అది వేరు. ఇటీవలే మొదలై, దానితో పాటు ఉదయం లేవగానే తలనొప్పి, పగలంతా మగత, మాట తడబడటం ఉంటే అది స్వభావం కాకపోవచ్చు, కార్బన్ డయాక్సైడ్ పెరిగిన లక్షణం కావచ్చు. అప్పుడు సర్దిచెప్పుకోవడం మాని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వస్తామని రాని మెకానిక్కుల సంగతి మీ ఒక్కరి కష్టం కాదు. వస్తువు పాడైనప్పుడే గుర్తొచ్చే ఇంటికన్నా, పాడవకపోయినా రెండు నెలలకొకసారి పిలిచి, టీ ఇచ్చి, చూసినందుకు డబ్బు చేతిలో పెట్టే ఇంటికే ఏ ఎలక్ట్రీషియన్ అయినా ముందు వస్తాడు. ఆ రాకలోనే బ్యాటరీ నీళ్లు, ప్లగ్గులు, స్టార్టరు చూపించండి. కాన్సంట్రేటర్ ఫిల్టరును వారానికొకసారి కడిగి పూర్తిగా ఆరాక పెట్టడం, ఆక్సిజన్‌కు తేమ కలిపే సీసాలో నీళ్లు రోజూ మార్చడం మాత్రం మీరే చేసుకోవాలి. నీళ్లకు, కుళాయి ఉన్న మూతపెట్టిన డ్రమ్ము ఒకటి నింపి ఉంచితే మోటారు రెండు రోజులు ఆగినా వంటకూ ఆయన స్నానానికీ ఇబ్బంది రాదు.

పిల్లలను ‘జాగ్రత్తగా ఉండండి’ అని చెప్పే పని నుంచి తప్పించి అసలు పని అప్పగించండి. కాన్సంట్రేటర్ సర్వీసు కాంట్రాక్టు, బిల్లులు, కంపెనీతో ఫిర్యాదులు అబ్బాయివి. మనకు వేసవిలో అర్ధరాత్రి అయితే డాలస్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. రాత్రి కరెంటు పోయి ఆయనను సిలిండరుకు మార్చిన వేళ మెలకువగా ఉండి మీతో ఫోనులో మాట్లాడుతూ, అవసరమైతే మీ వీధిలోని వారికి ఫోన్ చేయగలిగిన మనిషి మీ అమ్మాయే.

మోటారు పక్కన ఏడ్చానని రాశారు. రెండేళ్లుగా రాత్రుళ్లు యంత్రం చప్పుడు వింటూ నిద్రపోతున్నవారికి అది రావలసిన ఏడుపే. నిద్ర పూర్తిగా కరువైనా, దేని మీదా ఆసక్తి లేకుండా వారాలు గడుస్తున్నా, 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనవసరం లేదు. వారానికి ఒక పూట ఆయన దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి, మీరు బయటికి వెళ్లి రండి. ఆ పూట మెకానిక్కు కోసం తిరగడానికి కాదు.

ప్రశ్న: నా భార్యకు మూత్రపిండాలు పనిచేయడం లేదు. వరంగల్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. రోజుకు నాలుగుసార్లు ఇంట్లోనే కడుపు ద్వారా డయాలసిస్, అంటే సీఏపీడీ, నేనే చేస్తాను. వానలకు స్లాబు కారి ఆ గది గోడలు నెమ్ము పట్టాయి. ఇంటి యజమాని ఎట్టకేలకు మరమ్మతుకు ఒప్పుకున్నాడు గానీ పది రోజులు పడుతుందట. దుమ్ములో డయాలసిస్ చేయవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: చేయకూడదు. సిమెంటు గీకే, డ్రిల్లింగు చేసే పది రోజులూ మీరిద్దరూ మరో ఇంట్లో ఉండటమే మేలు, బంధువుల ఇంట్లో ఒక గది దొరికినా చాలు. తప్పనిసరిగా అక్కడే ఉండవలసి వస్తే, పని జరిగే చోటికి దూరంగా ఉన్న చిన్న గదిని ఎంచుకుని, మేస్త్రీలు రాకముందు ఒకటి, మధ్యాహ్నం వారు భోజనానికి వెళ్లినప్పుడు ఒకటి, వారు వెళ్లి దుమ్ము అణిగాక ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి వచ్చేలా నాలుగు మార్పిడుల (కడుపులోని పాత ద్రవం తీసి కొత్తది నింపడం) వేళలను మీ డయాలసిస్ నర్సును అడిగి సర్దుకోండి. మార్పిడి చేసే అరగంటా కిటికీలు, తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ఇద్దరూ మాస్కు కట్టుకోవాలన్నది మీకు తెలిసిందే, ఈ పది రోజులూ అందులో ఏ ఒక్కటీ సడలించవద్దు.

నెలకు వచ్చే నూట ఇరవై డయాలసిస్ ద్రవం సంచుల పెట్టెలను నెమ్ము గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. పెట్టె తడిసి లోపలి కవరు చిరిగినా, ద్రవంలో నలుసు కనబడినా ఆ సంచి వాడకండి. పనివాళ్లు నల్లా కట్టేస్తారు కనుక చేతులు కడగడానికి కుళాయి ఉన్న శుభ్రమైన డబ్బా సిద్ధంగా ఉంచుకోవాలి, బక్కెట్లో చెంబు ముంచి కడుక్కుంటే సరిపోదు. కరెంటు లేక సంచిని వెచ్చబెట్టే వార్మరు పనిచేయకపోతే సంచిని వేడినీళ్లలో ముంచవద్దు, కొంత చల్లగా ఉంటే ఆమెకు అసౌకర్యమే గానీ ప్రమాదం కాదు. బయటికి వచ్చిన ద్రవం మబ్బుగా ఉన్నా, కడుపునొప్పి గానీ జ్వరం గానీ వచ్చినా ఆ సంచిని పారేయకుండా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అద్దె సంగతి కూడా అడగకుండానే చెబుతున్నాను. మరమ్మతు అయ్యాక మొదటి పెద్ద వానకు స్లాబు మళ్లీ కారితే, ఆ యజమానితో వాదిస్తూ మరో వర్షాకాలం గడపకండి. దాని కన్నా చిన్నదైనా పొడిగా ఉండే ఇల్లు చూసుకోండి.