అవ్వాతాతలతో క్యాంపింగ్, పిల్లలతో జియోక్యాషింగ్

ప్రశ్న: మాది చిత్తూరు. అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. జూన్‌లో మా అత్తామామలు తిరుపతి నుంచి వస్తున్నారు. ఇక్కడ బడిలో పిల్లలందరూ వేసవిలో క్యాంపింగ్‌కు వెళ్తారట. జియోక్యాషింగ్ అనే వెతుకులాట కూడా ఆడాలని పాప పట్టుబట్టింది. మాలో ఎవరూ ఎప్పుడూ టెంటులో పడుకోలేదు. పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లొచ్చమ్మా. కాకపోతే చోటు ఎంచుకునేటప్పుడు పేరున్న పార్కు కోసం చూడకండి. మీ అత్తగారి మోకాళ్లకూ మీ బాబు నిద్రకూ ఏది సరిపోతుందో చూడండి. ఎల్లోస్టోన్, యోసెమిటీ ఎక్కడికీ పోవు, వచ్చే ఏడు చూడొచ్చు. మొదటిసారికి ఇంటినుంచి రెండు గంటల లోపు ఉన్న స్టేట్ పార్కు చాలు. రెండు రాత్రులు పెట్టుకోండి. ఒక్క రాత్రికైనా సర్దుకునే సామాను అంతే, పైగా ఒక్క రాత్రే ఉంటే టెంటు వేయడం, విప్పడంతోనే పొద్దు గడిచిపోతుంది.

నేనిప్పుడు తిరుపతిలోనే ఉన్నాను. బైరాగిపట్టెడలో మా వీధి పెద్దవాళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు మీ ప్రశ్న చదివి వినిపించాను. ఒకావిడ వెంటనే, "రాత్రిపూట లేవాల్సొస్తే ఎట్ల నాయనా?" అంది. తర్వాత పాముల మాట, ఆ తర్వాత చలి మాట వచ్చాయి. మీ అత్తామామలు మొహమాటానికి పైకి అనకపోయినా వాళ్ల మనసులోనూ ఇవే ఉంటాయి. ముందు వీటి సంగతి చూద్దాం.

మరుగుదొడ్డి: బుకింగ్ చేసేటప్పుడే నీళ్లుండే టాయిలెట్లు, షవర్లు ఉన్న క్యాంపుగ్రౌండ్లు వడగట్టి చూపించే వీలుంటుంది. అది లేనిచోట వాల్ట్ టాయిలెట్లే ఉంటాయి, అంటే గుంత మీద కట్టినవి, వాటిలో నీళ్లుండవు. పెద్దవాళ్లతో మొదటిసారి అలాంటి చోటికి వెళ్లకండి. మ్యాపు తెరిచి టాయిలెట్‌కు మరీ ఆనుకోకుండా, నూరడుగుల దూరంలో ఉన్న సైటు, అంటే టెంటు వేసుకునే చోటు, ఎంచుకోండి. ఆనుకునే ఉంటే రాత్రంతా లైట్లు, తలుపుల చప్పుడు. చాలా స్టేట్ పార్కుల్లో మంచాలు, కరెంటు ఉన్న చిన్న క్యాబిన్లు కూడా ఉంటాయి. క్యాబిన్ దొరికితే పెద్దవాళ్లు అందులో పడుకుంటారు, మీరూ పిల్లలూ పక్కనే టెంటు వేసుకోవచ్చు. దొరకకపోతే వాళ్లకు మడత మంచాలు తప్పనిసరి. నేలమీద నుంచి లేవడం వాళ్లకు నరకం.

చలి: తిరుపతిలో 42 డిగ్రీలు చూసి విమానమెక్కినవాళ్లు వేసవి అంటే నూలు చీరలు, పంచెలే తెచ్చుకుంటారు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పశ్చిమాన కొండల్లో జులై రాత్రి కూడా వణికిస్తుంది. మంకీ క్యాప్, స్వెటరు, ఉన్ని సాక్సులు తెచ్చుకోమని ఇప్పుడే చెప్పండి. చలి పైనుంచే కాదు, నేలనుంచీ ఎక్కుతుంది కాబట్టి స్లీపింగ్ బ్యాగ్ ఎంత మంచిదైనా కింద మందమైన ప్యాడ్ లేకపోతే లాభం లేదు.

ఇక బుకింగ్. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు మన ఇళ్లలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందరూ ముందే లాగిన్ అయి గడియారం చూస్తూ కూర్చుంటారు, నిమిషాల్లో అయిపోతాయి. పేరున్న క్యాంపుగ్రౌండ్లూ అట్లే పోతాయి. ఫెడరల్ ప్రభుత్వానివి రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో ఉంటాయి, చాలావాటికి ఆరు నెలల ముందే తలుపు తెరుస్తారు. స్టేట్ పార్కులకు ఏ రాష్ట్రం వెబ్‌సైటు ఆ రాష్ట్రానిదే. జులై 4, సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుల వారాంతాలు ఇప్పుడు దొరకవు, వాటిమీద ఆశ పెట్టుకోకండి. ఆదివారం నుంచి గురువారం వరకు చూడండి, రద్దయినవి కూడా రోజూ చూస్తుండండి. ఒక సైటులో ఆరు నుంచి ఎనిమిది మంది, రెండు కార్లు అని సాధారణంగా హద్దు ఉంటుంది. నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి వెళ్లాలంటే గ్రూప్ సైటు తీసుకోవాలి, ఒక్క సైటులో సర్దుకుందామంటే పార్కును చూసుకునే రేంజర్ ఊరుకోడు. రాత్రి పదికల్లా పాటలు, స్పీకర్లు ఆపేయాలి. పిల్లలు పక్కవాళ్ల సైటులోంచి అడ్డంగా నడవకూడదని కూడా ముందే చెప్పండి. అక్కడ అది వేరేవాళ్ల ఇంట్లోంచి నడిచినట్టే లెక్క.

టెంటు నలుగురిదని రాసి ఉంటే నలుగురూ ఇరుక్కుని పడుకోవాలని అర్థం, ఆరుగురిది తీసుకోండి. ఆర్‌ఈఐ లాంటి క్యాంపింగ్ సామాను దుకాణాలు కొన్నిచోట్ల అద్దెకూ ఇస్తాయి. వెళ్లేముందు హాల్లోనో అపార్టుమెంటు పచ్చికలోనో ఒకసారి వేసి చూసుకోండి.

తిండి గురించి మీకు నేను చెప్పేదేముంది? మొదటి రాత్రికి ఇంట్లో కలిపిన పులిహోర, ఐసు పెట్టెలో పెరుగన్నం. తర్వాత బొరుగులు, చెనిక్కాయల ఊరిబిండి, చపాతీలు. రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్ మీద రాగి సంగటి బ్రహ్మాండంగా కుదురుతుంది. వాన వచ్చినా, చలేసినా స్టవ్ టెంటులోకి మాత్రం తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మీ అత్తగారు దీపం పెట్టుకోవాలంటే బ్యాటరీ దీపం ఇవ్వండి. కట్టెలు ఇంటినుంచి మోసుకెళ్లకండి, అక్కడే కొనండి. యాష్ జాతి చెట్లను చంపే పచ్చ పురుగు ఇలా తరలించిన కట్టెలతోనే రాష్ట్రాలు దాటింది. వేసవిలో చాలాచోట్ల మంటలపై నిషేధం ఉంటుంది, బయల్దేరేరోజు పార్కు పేజీ చూడండి.

ఎలుగుబంట్లుండే ప్రాంతమైతే చాలా క్యాంపుగ్రౌండ్లలో సైటు దగ్గర ఇనప పెట్టె ఉంటుంది. అన్నం, ఊరగాయలే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, అగరుబత్తీలు, పిల్లల జేబుల్లోని చాక్లెట్లు అన్నీ అందులోకి పోవాలి. ఇక్కడ మన ఊరివాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తిరుపతి నుంచి వచ్చే పెద్దవాళ్ల చేతిసంచిలో లడ్డూ ఉంటుంది. ప్రసాదాన్ని తలదగ్గర పెట్టుకుని పడుకోవడం వాళ్ల అలవాటు. నెయ్యి, పచ్చకర్పూరం, ఏలకుల వాసన మనకే వీధి చివరికి తెలుస్తుంది, ఎలుగుకు ఇక చెప్పక్కర్లేదు. పెద్దావిడ నొచ్చుకోకుండా ముందే వివరంగా చెప్పండి. మూత గట్టిగా ఉన్న శుభ్రమైన స్టీలు డబ్బాలో పెట్టి, ఇనప పెట్టెలో పై అరలో ఆవిడ చేతనే పెట్టించండి. పొద్దున్నే ఆవిడే తీసి అందరికీ పంచుతుంది.

ఇప్పుడు మీ పాప అడిగిన జియోక్యాషింగ్. ఎవరో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు జియోక్యాషింగ్ యాప్‌లో పెడతారు. మనం ఫోన్‌లోని జీపీఎస్ సాయంతో వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, ఎలా ఉందో అలాగే తిరిగి దాచేస్తాం. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పును తీసేసింది, దాంతో స్థానం బాగా కచ్చితంగా తెలియసాగింది. ఆ మరుసటి రోజే, మే 3న, డేవ్ అల్మర్ ఆరిగన్ అడవిలో ఒక బకెట్టు దాచి దాని స్థానం ప్రకటించాడు. అలా మొదలైన ఆటకు ఇప్పుడు ప్రపంచమంతా లక్షల డబ్బాలున్నాయి.

ఈ ఆటను నేను గట్టిగా సమర్థించేది పిల్లల నడక కోసం. కొండ చూద్దాం రమ్మంటే పది నిమిషాలకే కాళ్లు నొప్పులనే పిల్లలు, బాణం గుర్తు "ఇంకా 90 మీటర్లు" అని చూపిస్తుంటే తాతను చెయ్యిపట్టి లాక్కుపోతారు. తాత కూడా వెనకబడడు. ఫోన్ ఆయన చేతికిచ్చి దిక్కు చెప్పే పని అప్పగించండి, పిల్లలు కళ్లతో వెతుకుతారు. మా మనవడు ఒకసారి పడిపోయిన మాను కింద అడ్డంపెట్టిన బెరడు ముక్క జరిపాడు. లోపల ఆకుపచ్చ ఇనప పెట్టె, తూటాలు పెట్టుకునే మిలటరీ రకం. కొక్కెం గట్టిగా ఉంటే రెండు చేతులతో లాగాడు. జిప్ సంచీలో చెమ్మగిల్లిన చిన్న పుస్తకం, మొండి పెన్సిలు, ఒక గోళీ, రబ్బరు డైనోసారు. అంతకుముందు ఎవరెవరో ఇంగ్లీషులో, స్పానిష్‌లో రాసిన పేర్ల కింద వాడు నాలుక బయటపెట్టి మరీ తెలుగు అక్షరాల్లో తన పేరు రాశాడు.

ఉచిత ఖాతాతో యాప్‌లో కొన్ని డబ్బాలే కనిపిస్తాయి, మొదటిసారికి అవి చాలు. ప్రతిదానికీ కష్టం ఎంత, దారి ఎలాంటిది అని ఒకటి నుంచి ఐదు వరకు రెండు అంకెలుంటాయి. రెండూ ఒకటిన్నర దాటనివి, డబ్బా పరిమాణం చిన్నది లేదా మామూలు అని రాసి ఉన్నవి ఎంచుకోండి. మైక్రో అని ఉంటే వేలెడంత గొట్టం, అందులో కాగితం తప్ప ఏమీ ఉండదు, ఆరేళ్లవాడు ఏడుస్తాడు. ఈ మధ్య ఎవరైనా కనుక్కున్నారా అని చూడండి. వరసగా నలుగురు దొరకలేదని రాస్తే ఆ డబ్బా పోయినట్టే. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి స్థానం, క్లూ, మ్యాపు ఇంట్లోనే ఫోన్‌లో దాచుకోండి, పవర్ బ్యాంక్ మర్చిపోకండి. జీపీఎస్ నాలుగైదు మీటర్ల దాకానే తీసుకెళ్తుంది, చెట్ల కింద ఇంకా తడబడుతుంది. అక్కడ ఫోన్ జేబులో పెట్టి చుట్టూ చూడాలి. పుల్లలు ఒకే వైపుగా వరసగా పేర్చి ఉంటే అది మనిషి పనే.

తొర్రలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి, పాముల భయానికి అదే విరుగుడు. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ, పాయిజన్ ఓక్ ఫొటోలు పిల్లలకు ముందే చూపించండి, తగిలినచోట దద్దుర్లు వస్తాయి. పొడుగు ప్యాంట్లు వేసి సాక్సుల్లో దోపండి. సాయంత్రం మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో పిడుదుల కోసం వెతకండి. ఈశాన్య రాష్ట్రాల్లో వాటితో లైమ్ జబ్బు వస్తుంది. కనిపిస్తే పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగేయాలి.

డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుంటే దానికి సమానమైనదో మెరుగైనదో పెట్టాలి. తినేవి, కత్తులు, అగ్గిపెట్టెలు పెట్టకూడదు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డముక్క, చిన్న గాజులు, చెక్క బొంగరం పెట్టి చూడండి, తీసినవాళ్లు ఎంత సంతోషిస్తారో. దేవుడి బొమ్మలు మాత్రం వద్దు, తడిసి ఎక్కడ పడతాయో తెలియదు. నెంబరున్న లోహపు బిళ్ల దొరికితే అది ట్రావెల్ బగ్. అది మనం ఉంచుకునేది కాదు, ఇంకో డబ్బాకు చేర్చాలి.

జాతీయ పార్కుల్లో డబ్బాలు దాచడానికి సాధారణంగా ఒప్పుకోరు. అక్కడ ఎర్త్‌క్యాష్ ఉంటుంది. డబ్బా ఉండదు, రాయినో లోయనో చూసి ప్రశ్నలకు జవాబు రాసి పంపాలి. పిల్లలకు జూనియర్ రేంజర్ పుస్తకం కూడా అడిగి తీసుకోండి, అందులోని పనులు పూర్తిచేస్తే బ్యాడ్జి ఇస్తారు.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. ఆటస్థలాల దగ్గర, వంతెనల కింద, ఇళ్ల మధ్య ఉన్న డబ్బాలు వదిలేయండి. పొదల్లో వెతుకుతున్న కొత్త మొహాలను చూసి ఎవరో పోలీసులకు ఫోన్ చేయొచ్చు. అధికారి వచ్చి అడిగితే నెమ్మదిగా జియోక్యాషింగ్ అని చెప్పి యాప్ చూపించండి, చాలామందికి తెలిసిన ఆటే. పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు తెలిపే రికార్డు) వంటి పత్రాలు వెంట ఉంచుకోవాలని చట్టం. మీ అత్తామామలవి కూడా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, వాళ్ల మందులు, బీమా కార్డుతో కలిపి ఉంచండి.

రోజుకు రెండు మూడు డబ్బాలకు మించి పెట్టుకోకండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకటి, సాయంత్రం అవ్వ కూడా నడవగల చదునైన దారిలో ఒకటి. మధ్యాహ్నం అందరూ పడుకోవాలి.

ఆట రుచి మరిగాక పిల్లలు తిరుపతి వచ్చినప్పుడూ ఆడదామంటారు. తిరుమల, అలిపిరి పరిసరాల్లో డబ్బా దాచడం, పొదల్లో వెతకడం పూర్తిగా మానుకోండి. 2003లో అలిపిరిలో మందుపాతర పేలిన చోటది, అనుమానాస్పద వస్తువంటే భద్రతా సిబ్బంది తేలిగ్గా తీసుకోరు. శేషాచలంలో ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఉంటుంది, అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లడం నేరం. చిరుతలూ తిరుగుతాయి. 2023 ఆగస్టులో మెట్లదారిలోనే ఆరేళ్ల పాప ప్రాణం తీసింది. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ సందేశ పరికరాలు, శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు, విమానాశ్రయంలో పట్టుకుని కేసు పెడతారు. క్యాంపింగ్ కోసం కొన్నది బ్యాగులో మర్చిపోకుండా తీసేయండి.

దానికి బదులు ఎర్త్‌క్యాష్ పద్ధతిలో మీరే ప్రశ్నలు రాసుకుని తిరుమలలో సహజంగా ఏర్పడిన రాతి కమాను, శిలాతోరణం చూపించండి. ఘాట్ రోడ్డులో కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) కలిసే గీత ఉంది. ఆ రెంటి మధ్య గడిచిన కోట్ల ఏళ్ల కాలానికి చెందిన రాయే అక్కడ లేదు. ఈ రెండు చోట్లనూ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించింది. గీత ఎక్కడుందో ముందు పిల్లల్నే చూపించమనండి. రెండు రోజులు ఊరి బయట గడపాలంటే హార్సిలీ హిల్స్ వెళ్లండి, 1,265 మీటర్ల ఎత్తు, పర్యాటక శాఖ గదులుంటాయి. మే నెలలో అయితే ముందే బుక్ చేసుకోవాలి.