అపెండిక్స్ పేలిందా, పగిలిందా, చిట్లిందా?

సందేహం: చెన్నైలో ఒక ఆసుపత్రికి నెల్లూరు, చిత్తూరు వైపునుంచి వచ్చే తెలుగువారికి రిపోర్టులు వివరిస్తుంటాను. సీటీ స్కాన్ రిపోర్టులో ‘పర్ఫరేటెడ్ అపెండిక్స్’ అని ఉండగా, ‘మీ అబ్బాయి అపెండిక్స్ పేలిందమ్మా’ అన్నాను. ఆ తల్లి నిలువునా వణికిపోయారు. నేను ఏమని ఉండవలసింది?

సమాధానం: ఆ ‘పేలింది’ మీ నోటికి తమిళం మీదుగా వచ్చిందని నా ఊహ. తమిళంలో ‘వెడి’ అన్న ఒక్క ధాతువే టపాకాయకూ, పత్తికాయకూ, మడమల పగుళ్ళకూ సరిపోతుంది కనుక, అపెండిక్స్ ‘వెడిచ్చిరుచ్చు’ అన్నప్పుడు అక్కడివారికి బాంబు తలపుకు రాదు. తెలుగులో ఆ పనులను వేరువేరు క్రియలు పంచుకున్నాయి. తుపాకి పేలుతుంది, చెమటకాయలతో ఒళ్ళు పేలుతుంది. లోపలి అవయవానికి ఆ మాట వాడితే వినేవారికి విస్ఫోటమే స్ఫురిస్తుంది.

‘పగిలింది’ తప్పు కాదు. కురుపు పగిలి చీము కారిందనడం మన వాడుకే. అయినా నా మొగ్గు ‘చిట్లింది’ వైపు. బొబ్బ చిట్లుతుంది, మెదడులో రక్తనాళం చిట్లుతుంది. పలుచని గోడ లోపలి ఒత్తిడికి ఓర్వలేక తెగడం ఆ క్రియలో ఉంది. అపెండిక్స్‌లో జరిగేదీ తరచు అదే: గట్టిపడిన మలపు రాయి వంటిది దాని నోటిని మూసివేస్తే, లోపల ఒత్తిడి పెరిగి, గోడకు రక్తం అందక, కుళ్ళిన చోట తెగిపోతుంది. ‘పర్ఫరేటెడ్’కు అక్షరాలా అర్థం ‘చిల్లుపడిన’ అనే.

అయితే క్రియకన్న దాని చివర ఏముందన్నది ముఖ్యం. స్కాన్‌లో అవయవాలు స్పష్టంగా కనబడేందుకు నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన సీటీలో, మెరిసే గోడ ఒకచోట తెగి కనబడితే అది చిల్లు కనబడినట్లే. కానీ చాలాసార్లు చిల్లు కనబడదు. అపెండిక్స్ బయట గాలిబుడగలు గానీ, జారిపడిన రాయి గానీ, చీముగడ్డ గానీ కనబడగా, వాటిని బట్టి వైద్యులు నిర్ణయానికి వస్తారు. అల్ట్రాసౌండ్‌లోనైతే, లోపలిది కారిపోయి ఉబ్బు తగ్గాక, అపెండిక్స్ అసలు కనబడకనే పోవచ్చు. అందుకే రిపోర్టు రాసేవారు ఆచితూచి రాస్తారు. మనం దానిని ‘చిట్లింది’ అని ముగించామంటే వారి జాగ్రత్తను చెరిపివేసినవాళ్ళమవుతాము. చిట్లింది, చిట్లినట్లుంది, చిట్లి ఉండవచ్చు అని నిశ్చయాన్ని మెట్లుమెట్లుగా చెప్పగల శక్తి మన క్రియలకు ఉంది. రిపోర్టు ఏ మెట్టు మీద ఉంటే మీ వాక్యమూ అక్కడే నిలవాలి. ఆ తల్లితో, ‘అపెండిక్స్ చిట్లినట్లు స్కాన్‌లో గుర్తులు ఉన్నాయమ్మా, పక్కన చీము చేరింది’ అని ఉంటే విషయమూ దాగదు, భయమూ పెరగదు.

వ్యతిరేకార్థంలో ఇంకా జాగ్రత్త అవసరం. బయట గాలి కనబడనంత మాత్రాన అపెండిక్స్ చిట్లలేదని తేలదు. కనుక ‘చిట్లిన గుర్తులు కనబడలేదు’ అని ఉన్నచోట ‘చిట్లలేదు’ అని మాత్రం చెప్పకండి.