రోడ్డు నుంచి మంచం దాకా

వెస్ట్ మాంబళం, చెన్నై

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

కంటి ఆసుపత్రి పని మీద ఐదు రోజులకు వస్తున్న మీ అమ్మకు, వాకర్‌తో ఇబ్బంది లేని లాడ్జీ గది ఎలా చూసుకోవాలని నిన్న ఫోనులో అడిగావు. సగమే జవాబు చెప్పగలిగాను. మీ పెదనాన్నకు మందులిచ్చే వేళ అయింది. మిగతాది రాసి పంపుతున్నాను. చదివి మీ అన్నయ్యకూ చూపించు. లాడ్జీలకు ఫోన్లు చేసేది అతనే అన్నావు కదా.

ముందుగా మీ అమ్మకు ఒక మాట చెప్పు. అక్క ఊళ్లోనే ఉండి లాడ్జీలో దిగమంటోందని అది మనసు కష్టపెట్టుకోకూడదు. మా ఇంట్లో పడకగది ఒకటే, బాత్రూమూ ఒకటే. తెల్లవారుజామున దానికీ మీ పెదనాన్నకూ ఒకేసారి అవసరం పడితే ఇద్దరిలో ఎవరిని ఆగమనను? పైగా ఇక్కడి నుంచి శంకర నేత్రాలయ కంటి ఆసుపత్రి ఉన్న కాలేజీ రోడ్డుకు రోజూ ఈ ట్రాఫిక్‌లో వెళ్లిరావడం, తుంటి ఆపరేషన్ అయి నాలుగు నెలలు కూడా కాని మనిషికి మంచిది కాదు. మధ్యాహ్నం క్యారియరు నేనే తెస్తాను. ఆ ఐదు రోజులూ దానికి బయట తిండి పడనివ్వను.

ఎనిమిదేళ్ల క్రితం మీ పెదనాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు మేము కోడంబాకంలో రెండో అంతస్తులో ఉండేవాళ్లం. లిఫ్టు లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశాక రోజూ ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. ఎక్కించి దించడానికి మనుషులు లేరు. ఈ కింది వాటా దొరికేదాకా నలభై రోజులు లాడ్జీల్లోనే గడిపాం. మూడు మారాం. మొదటి లాడ్జీలో లిఫ్టు ఉందా అని అడిగాను. ఉందమ్మా అన్నాడు మేనేజరు. ఉంది నిజమే, కానీ అది మొదలయ్యే చోటికి చేరాలంటే గుమ్మంలో ఐదు మెట్లు ఎక్కాలి. పట్టుకోవడానికి పక్కన కమ్మీ కూడా లేదు. నేనూ ఆటో డ్రైవరూ చెరోవైపు పట్టుకుని ఆయన్ని ఎక్కించేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. మేనేజరు అబద్ధం చెప్పలేదు, నేనే అడగవలసింది అడగలేదు. 'ఉందా' అంటే ఎవరైనా ఉందనే అంటారు. ఆ రోజు నుంచి 'ఎన్ని', 'ఎంత' అనే అడుగుతున్నాను. ఒంగోలు నుంచో కావలి నుంచో నడవలేనివాళ్లు ఎవరు వస్తున్నా గది నేనే చూసిపెడుతున్నాను.

అందుకని మీ అన్నయ్య ఫోను పట్టుకునే ముందు ఇంట్లో టేపు పట్టుకోవాలి. మీ అమ్మ వాకర్ వెడల్పు కొలవండి, కింద కాళ్ల దగ్గర, ఎందుకంటే అది అక్కడే ఎక్కువ. దానికి ఇరుపక్కలా చేతి కణుపులు గీసుకోకుండా రెండేసి అంగుళాలు కలపండి. ఏ గుమ్మమైనా అంత వెడల్పు ఉండాలి. మీ అమ్మ ఇంట్లో ఏ మంచం మీద నుంచి సాయం లేకుండా లేవగలుగుతోందో ఆ మంచం ఎత్తు, పరుపుతో సహా కొలవండి. కమోడ్ ఎత్తు కూడా. మెట్లు ఎన్ని ఎక్కగలదు, పట్టుకునే కమ్మీ ఏ వైపు ఉంటే ఎక్కగలదు అన్నది దాన్నే అడగండి, మీరు ఊహించుకోవద్దు. ఆపరేషన్ అయిన కాలి వైపు బలం తక్కువ కాబట్టి ఒక వైపు పట్టు ఉన్నా రెండో వైపు లేకపోతే దిగేటప్పుడు ఇబ్బంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఫోనులో ఎవరు ఎంత తియ్యగా మాట్లాడినా మీ లెక్క తప్పదు.

ఇక అడగడం. ఆన్‌లైన్‌లో ఫోటోలు చూడండి, కానీ వాటిని నమ్మి డబ్బు కట్టొద్దు. మంచం మీద దుప్పటి, గోడ మీద టీవీ తప్ప ఆ ఫోటోల్లో మనకు పనికొచ్చేది ఉండదు. లాడ్జీకి నేరుగా ఫోను చేసి, రోడ్డు మీద నిలబడి మొదలుపెట్టి, గుమ్మం, లిఫ్టు, వరండా దాటి గదిలో మంచం దాకా, అక్కడి నుంచి బాత్రూములోకి, ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీసి వాట్సాప్‌లో పంపమనండి. రెండు నిమిషాల పని. ఆ పని చేసిపెట్టిన లాడ్జీ రేపు ప్లాస్టిక్ కుర్చీ అడిగినా తెచ్చిపెడుతుంది. కుదరదన్న చోటు వదిలెయ్యండి. బేరమంతా అయ్యాక గది నంబరు కూడా మెసేజీలో రాయించుకోండి. ఒకే లాడ్జీలో 104కు ఉన్న వెడల్పు తలుపు 106కు ఉండదు. మూడో లాడ్జీలో మాకు ఒక గది చూపించి, మర్నాడు సామానుతో వెళ్లేసరికి వీల్‌చెయిర్‌ని చూసి, ఆ గది వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. రాతలో లేకపోవడం వల్ల నోరెత్తలేకపోయాను.

తెలుగు అర్థం కాకపోతే మీ అన్నయ్య ఇంగ్లీషు వెతుక్కోనక్కర్లేదు. మెట్టును తమిళంలో పడి అంటారు. 'ఎత్తనై పడి?' అని అడిగితే చాలు, లెక్కపెట్టి చెబుతారు. నుంగంబాకం, గ్రీమ్స్ రోడ్డు ప్రాంతాల లాడ్జీల్లో తెలుగు తెలిసినవాళ్లు ఎక్కడైనా ఒకరు ఉంటారు, నెల్లూరు, కడప వైపుల నుంచి ఆసుపత్రులకు వచ్చేవాళ్లు అంతమంది మరి.

గ్రౌండ్ ఫ్లోరే కావాలని పట్టుబట్టకండి. ఈ ఊళ్లో వరద నీళ్లకు భయపడి అరుగులు ఎత్తుగా కడతారు, గ్రౌండ్ ఫ్లోర్ అన్న గదికే నాలుగు మెట్లు ఉండొచ్చు. లిఫ్టు రోడ్డు మట్టం నుంచే మొదలైతే మొదటి అంతస్తు నాకు నచ్చుతుంది. కరెంటు పోతే లిఫ్టు జనరేటరు మీద నడుస్తుందా అని అడగండి. ఒకవేళ ఆగినా కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకుని దించగలిగిన ఎత్తే అది. నాలుగో అంతస్తు అయితే ఆ పని కాదు. ర్యాంపు ఉందంటే దాని పొడవు అడగండి. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉంటేనే ర్యాంపు అన్నమాట. లాడ్జీల ముందు సాధారణంగా ఉండేది స్కూటర్లు ఎక్కించుకునే ఏటవాలు చప్టా, దాని మీద వాకర్ కాళ్లు జారతాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలకూ అది వర్తిస్తుంది. అడగడానికి మొహమాటపడవద్దని ఇదంతా చెబుతున్నాను.

బాత్రూము గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఓపికగా చదువు. మనిషి పడిపోయేది వీధిలో కాదు, అక్కడే. రెండో లాడ్జీలో గది విశాలంగా ఉంది, గాలి వస్తోంది, అద్దె తక్కువ. బాత్రూము తలుపు మాత్రం రెండడుగులే. వాకర్ అడ్డంగా తిప్పి ముందు దాన్ని లోపల పెట్టి, ఆయన గోడ పట్టుకుని వెనక రావాలి. గడప నాలుగంగుళాలు ఎత్తు. మూడో రోజు తెల్లవారుజామున ఆయన నన్ను లేపకుండా ఒక్కరే వెళ్లారు. కమోడ్ మీద నుంచి లేవబోతూ పక్కనున్న తువ్వాళ్ల కడ్డీ పట్టుకున్నారు. అది మరలతో సహా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. గోడ నుంచి రాలిన సున్నం ఆయన ఒళ్లో పడింది. దేవుడి దయ, వెనక్కి కమోడ్ మీదే కూలబడ్డారు, పక్కకు పడలేదు. నేను వెళ్లేసరికి ఆ కడ్డీని అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. ఆ రోజే గది ఖాళీ చేశాం.

కాబట్టి వీడియోలో కమోడ్ పక్కన మెరిసే కడ్డీ కనిపిస్తే అది దేనికని అడగండి. బరువు ఆపడానికి గోడలో దిగ్గొట్టిన కడ్డీ వేరు, తువ్వాళ్లు ఆరేసేది వేరు. మొదటిది ఉన్న మధ్యతరగతి లాడ్జీలు తక్కువే. లేకపోతే మీ అమ్మ కమోడ్ కుర్చీ వెంట తెచ్చుకోండి. దాన్ని లాడ్జీ కమోడ్ మీదికి జరిపి పెడితే ఎత్తూ సరిపోతుంది, రెండు చేతులకూ పట్టూ దొరుకుతుంది. తేవడం కష్టమైతే ఇక్కడ అద్దెకు దొరుకుతుంది, నేను మాట్లాడిపెడతాను. కిందికి రబ్బరు చాప ఒకటి, స్నానానికి చక్రాలు లేని ప్లాస్టిక్ స్టూలు. లోపలి గడియ వెయ్యొద్దని దానికి గట్టిగా చెప్పు. సిగ్గుపడుతుంది, నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ అంతే. అయినా చెప్పు.

ఇంకొకటి, ఇది కంటి ఆసుపత్రికి వచ్చేవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసింది. పరీక్ష కోసం కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది, వెలుతురు భరించలేరు. వాకర్ పట్టుకున్న మనిషికి అప్పుడు ఒక్క మెట్టు కూడా ప్రమాదమే. మెట్లకూ నేలకూ ఒకే రంగు రాయి వేసి ఉంటే అంచు ఎక్కడుందో తెలియదు. పొద్దున గది నుంచి సునాయాసంగా వెళ్లిన దారే సాయంత్రం దానికి కొత్త దారి అవుతుంది. వరండాలో దీపాలు ఎలా ఉన్నాయో వీడియోలో చూడండి. నల్ల కళ్లద్దాలు మర్చిపోవద్దు.

పేట సంగతి. మీ నాన్నగారు సెంట్రల్ దగ్గర పెరియమేటులో చౌకగా దొరుకుతుందని అన్నారట. దొరుకుతుంది, ఎగ్మోరులోనూ దొరుకుతుంది. ట్రిప్లికేన్ మాన్షన్లు ఇంకా చౌక, కానీ అవి ఒంటరిగా ఉద్యోగాలు చేసుకునే మగవాళ్ల కోసం వెలసినవి, ఇరుకు మెట్లు, నలుగురికీ ఒకే బాత్రూము. వాటి ఊసే వద్దు. పెరియమేటులో 900 గది తీసుకుని, నుంగంబాకంలో 1,500 గది వదులుకుంటే 600 మిగిలినట్టు కనిపిస్తుంది. రోజుకు రెండు విడతలు ఆటోలో వెళ్లిరండి, అందులో సగానికి పైగా ఆటోవాడికే పోతుంది. మిగిలినదానికి మీ అమ్మ నడుము జవాబు చెప్పాలి. ఉదయం పరీక్షకూ మధ్యాహ్నం డాక్టరుకూ నడుమ మూడు గంటల ఖాళీ వస్తే, దగ్గర గది అయితే వచ్చి పడుకుంటుంది. దూరమైతే బల్ల మీద కూర్చోవలసిందే. నా మాట వింటే ఆసుపత్రికి అర కిలోమీటరు లోపు చూడండి, అక్కడ దొరక్కపోతేనే టీ నగర్. అక్కడ పాండీ బజారులో 2019లో కాలిబాటలు వెడల్పు చేశారు, సాయంత్రం వాకర్‌తో నాలుగడుగులు వెయ్యడానికి బాగుంటుంది.

అద్దె మాట్లాడేటప్పుడు పన్ను కలిపా కలపకుండానా, తోడు మనిషికి అదనపు పరుపు ఎంత, గది లెక్క 24 గంటలకా మధ్యాహ్నం 12కా అని అడగండి. తెల్లవారుజామున దిగేవాళ్లకు ఈ చివరిది ఒక రోజు అద్దె తేడా. డిసెంబరు రెండో సగం నుంచి సంక్రాంతి దాకా సంగీత కచేరీల కాలం, ఊరంతా అద్దెలు పెరుగుతాయి. అక్టోబరు నుంచి వానలు. వీలైతే ఆ రెండూ తప్పించండి.

రైలు మాత్రం సెంట్రల్‌లో ఆగిపోయేదే ఎక్కండి. అక్కడ పట్టాలు అక్కడితో ముగిసిపోతాయి, అన్ని ప్లాట్‌ఫారాలూ ముందు ఒకే హాలులోకి కలుస్తాయి. వంతెన ఎక్కకుండా ఒకే మట్టం మీద బయటికి రావచ్చు. ఎగ్మోరు మీదుగా తాంబరం వెళ్లే బళ్లలో ఆ సుఖం లేదు. పినాకిని ఎక్స్‌ప్రెస్ అయితే మధ్యాహ్నానికి దించుతుంది, వెలుతురు ఉంటుంది. ఒక్కో పెట్టె దాదాపు 24 మీటర్లు. మీ పెట్టె వెనకాల ఉంటే అర కిలోమీటరు నడక. అందుకే దిగే ముందే వీల్‌చెయిర్ సంగతి రైల్వే నంబరు 139కి ఫోను చేసి కనుక్కోండి. కారు పిలిస్తే ఎత్తు బండి వద్దు, మామూలు కారు. ఆపరేషన్ అయిన తుంటి ఎక్కువ వంగకూడదు కాబట్టి కారైనా ఆటో అయినా సీటు మీద దిండు వేసి కూర్చోబెట్టండి. మా ఇంటికి రావాలనిపిస్తే మెట్రోలో అశోక్ నగర్. లిఫ్టు అన్ని దారుల్లోనూ ఉండదు, ఏ దారిలో ఉందో ముందు గార్డును అడగాలి.

మీ అమ్మ సముద్రం చూడాలంటోందని అన్నావు. మెరీనాలో వివేకానందర్ ఇల్లం ఎదురుగా 2022లో చెక్కలతో దారి వేశారు, వీల్‌చెయిర్లు అలల దగ్గరి దాకా వెళ్లడానికే వేసినది. ఆఖరి రోజు సాయంత్రం, కళ్లలో చుక్కలు లేని రోజు, మీ పెదనాన్ననూ తీసుకుని నేనూ వస్తాను. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడదాం.

వాకర్ కాళ్లకున్న రబ్బరు తొడుగులు అరిగాయేమో ఈ రోజే తిరగేసి చూడు, అరిగితే వాకర్ జారి తడి నేల మీద నిలవదు. వాకర్ వెడల్పు, మంచం ఎత్తు కొలిచి నాకు మెసేజీ పెట్టు. ఆదివారం పక్కింటి అబ్బాయి మీ పెదనాన్న దగ్గర కూర్చుంటానన్నాడు. నేను టేపు తీసుకుని నుంగంబాకం వెళ్లి, మీ అన్నయ్య మాట్లాడిన రెండు మూడు గదులూ స్వయంగా చూసి ఫోను చేస్తాను. అప్పటిదాకా ఎవరికీ డబ్బు కట్టవద్దు.

ఇట్లు,
మీ పెద్దమ్మ