మళ్లీ కడుపు కోయించుకునే ముందు

చి. సౌ. రమకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ అంతా చెప్పింది. గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) మళ్లీ పెరిగాయనీ, బ్లీడింగ్‌తో నీరసించిపోతున్నావనీ, గర్భసంచి తీసేద్దామన్నారనీ. సరేననే ముందు నా మాట విను. ఇన్నేళ్లు ఆడవాళ్ల వార్డులో నర్సుగా చేశాను కాబట్టి చెబుతున్నాను.

దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అవసరమైతే తీయించుకోవలసిందే. కానీ "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అని మీ అత్తగారు అనడం వైద్య కారణం కాదమ్మా.

నీకు ఒక సిజేరియన్, ఆ తర్వాత గడ్డల ఆపరేషన్ అయ్యాయి. అలాంటి కడుపులో పేగులు, మూత్రసంచి గర్భసంచికి అతుక్కుని ఉండొచ్చు. మళ్లీ కోస్తే వాటికి దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. అందుకే ఎంబోలైజేషన్ గురించి అడిగి తీరాలి. ఇందులో కడుపు కోయరు. గజ్జల్లోనో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, గర్భసంచికి రక్తం తెచ్చే నాళాల్లోకి ఇసుక రేణువులంత పూసలు వదులుతారు. రక్తం అందక గడ్డలు కొన్ని నెలల్లో కుంచించుకుపోతాయి. పారిస్‌లో రవీనా అనే డాక్టరు బృందం 1995లోనే దీని ఫలితాలు ప్రచురించింది, కాబట్టి నీ మీద ప్రయోగం చేస్తారేమోనని టెన్షన్ పడకు.

దీన్ని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే స్కానింగ్‌లో చూస్తూ సన్నని గొట్టాలతో చికిత్స చేసే డాక్టరు. గైనకాలజిస్టు ఈ మాట ఎత్తలేదంటే నీకు పనికిరాదని అర్థం కాదు. మన విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో అడుగు, ఆరిలోవ హెల్త్ సిటీలో పెద్ద ఆసుపత్రుల్లోనూ అడుగు. ముందే ఆపరేషన్ అయినవాళ్లకు ఎంతమందికి చేశారని నేరుగా అడుగు, మొహమాటపడకు.

పాత ఆపరేషన్ కాగితాలు చాలా ముఖ్యం. అప్పుడు రక్తస్రావం ఆపడానికి గర్భసంచికి రక్తం తెచ్చే నాళాన్ని కట్టేసి ఉంటే గొట్టం వెళ్లే దారి ఉండకపోవచ్చు. గడ్డలు అండాశయాల నాళాల నుంచి రక్తం లాగుతూ ఉండొచ్చు కూడా. అప్పుడు గర్భసంచి నాళాలు మాత్రమే మూస్తే గడ్డ బతికే ఉండొచ్చు. ఇవన్నీ ముందే తెలుసుకోవడానికి కాంట్రాస్టుతో, అంటే నాళాలు స్పష్టంగా కనబడేలా నరంలోకి ఒక మందు ఎక్కించి, ఎమ్మారై తీయిస్తారు. కాంట్రాస్టు పడుతుందా, కిడ్నీలు బాగున్నాయా అని కూడా చూస్తారు. నీ వయసుకు గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షించడం మానొద్దు. క్యాన్సర్ లేదని తేలాకే ముందుకు వెళ్లాలి.

మరో బిడ్డ కావాలన్న ఆలోచన ఏ కాస్త ఉన్నా ముందే చెప్పు, అప్పుడు సలహా మారుతుంది. నలభై అయిదు దాటినవాళ్లలో కొందరికి దీని తర్వాత నెలసరి ఆగిపోతుంది, అదీ తెలుసుకో.

చేసిన రాత్రి నొప్పి గట్టిగా ఉంటుంది, మందులిస్తారు. కొన్ని రోజులు కాస్త జ్వరం, వికారం మామూలే. ఇంటికొచ్చాక జ్వరం పెరిగినా, దుర్వాసనతో డిశ్చార్జి అయినా ఒక్క పూట కూడా ఆగొద్దు. ఈలోగా హిమోగ్లోబిన్ పెంచుకో, ఐరన్ ఇంజక్షన్ల సంగతి డాక్టర్ని అడుగు.

పాత ఫైలు దొరక్కపోతే అల్లుడుగారిని ఆ ఆసుపత్రి రికార్డు సెక్షన్‌కు పంపు. అపాయింట్‌మెంట్ దొరికాక ఫోన్ చెయ్యి. ఎంవీపీ కాలనీ నుంచి హెల్త్ సిటీ దగ్గరే కదా, నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ