రెండు వందల తూటాలు ఎంత చెప్పగలవు

చిరంజీవికి,

నువ్వు పంపిన పిస్టల్ సమీక్షను రెండుసార్లు చదివాను, మొదటిసారి పాఠకుడిగా, రెండోసారి పెన్సిలు చేత పట్టుకుని. పిడి మీది గరుకుదనం వందో తూటా దాటాక అరచేతిని ఎలా ఒరుసుకుందో చెప్పిన పేరా చక్కగా ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. నా అభ్యంతరమంతా చివరి పేజీలోని ఒక్క వాక్యం మీదే. "రెండు వందల తూటాలు కాల్చాను, ఒక్కసారి కూడా మొరాయించలేదు, కాబట్టి రేంజిలో సాధనకూ ఇంటి రక్షణకూ ఈ కాంపాక్ట్ పిస్టల్‌ను కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు" అని రాశావు. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

ముందు లెక్క చూద్దాం. ఒక పనిని ఎన్నోసార్లు చేసి చూసినా ఒక్క వైఫల్యమూ కనబడలేదంటే, మూడును ఆ ప్రయత్నాల సంఖ్యతో భాగించగా వచ్చేదే 95 శాతం నమ్మకంతో మనం చెప్పగల గరిష్ఠ వైఫల్య రేటు అని గణాంకశాస్త్రంలో ఒక సులువైన సూత్రం ఉంది. 200 తూటాలకు అది 1.5 శాతం. అంటే 15 తూటాలు పట్టే మ్యాగజైన్‌ను నాలుగైదుసార్లు ఖాళీ చేసేలోగా ఒకసారి ఇరుక్కునే పిస్టల్ కూడా నీ పరీక్షలో ఏ మచ్చా లేకుండా బయటపడగలదు. వెయ్యి తూటాలు కాల్చినా ఆ హద్దు 0.3 శాతానికి దిగుతుందే తప్ప సున్నా కాదు. అందరికీ వెయ్యి కాల్చే వీలుండదని నాకు తెలుసు, దాన్ని నేను తప్పు పట్టను. కాల్చింది రెండు వందలైతే, ఆ రెండు వందలు చెప్పగలిగినంతే నువ్వూ చెప్పు.

ఇంతకీ ఆ రెండు వందలు ఎలాంటివి? నీ రాతలో ఆ సంగతి లేదు. ఒకే తయారీ తూటాలా, ఒకే మ్యాగజైనా, శుభ్రంగా నూనె పెట్టిన పిస్టలా, అన్నీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కాల్చినవేనా? చిన్న పిస్టళ్లకు ఈ ప్రశ్నలు మరీ ముఖ్యం. నేటి పిస్టళ్లలో ఎక్కువ భాగం జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పద్ధతిలోనే పనిచేస్తాయి. తూటా పేలగానే బ్యారెల్ అనే గొట్టం, దాని మీద ముందుకూ వెనక్కీ జరిగే లోహపు కప్పు స్లైడ్ ఒకదానికొకటి బిగిసే కొంత దూరం వెనక్కి జరుగుతాయి, ఆపై బ్యారెల్ వెనుక భాగం కిందికి వాలి విడిపోతుంది, స్లైడ్ ఒంటరిగా వెనక్కి పోయి ఖాళీ తొడుగును బయటికి విసిరి, తిరిగి వస్తూ కొత్త తూటాను ముందుకు తోస్తుంది. పిస్టల్ చిన్నదైన కొద్దీ స్లైడ్ తేలికవుతుంది, అది ప్రయాణించే దూరం తగ్గుతుంది, దాన్ని అదుపులో పెట్టడానికి స్ప్రింగు గట్టిదవుతుంది, మ్యాగజైన్ తర్వాతి తూటాను పైకెత్తడానికి దొరికే సమయం కుదించుకుపోతుంది. అందుకే పెద్ద పిస్టల్ క్షమించే తప్పులను చిన్నది క్షమించదు. మణికట్టు కాస్త సడలితే చాలు, వెనక్కి తన్నే శక్తిలో కొంత చేతిలోకే పోయి, స్లైడ్ తన దారి పూర్తిగా నడవక ఖాళీ తొడుగు దాని నోట్లో నిలువునా ఇరుక్కుంటుంది. కాబట్టి ఒంటి చేత్తో, ఎడమ చేత్తో, బలం తక్కువైన మనిషి చేత్తో ఏమయిందో రాయని పరీక్ష ఇంటి రక్షణ మాట ఎత్తకూడదు, ఎందుకంటే ఇంట్లో దాన్ని పట్టుకునేది నువ్వు కాకపోవచ్చు.

ఇది నా సొంత తప్పులోంచి నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న పిస్టల్ మీద నేనూ ఇలాగే రాశాను. మొన గుండ్రంగా ఉండి పూర్తిగా లోహపు తొడుగు ఉన్న సాధన తూటాలు మూడు వందలు కాల్చి, "నమ్మదగినది" అన్న మాట వాడాను. కొన్ని నెలల తర్వాత ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. నా మాట మీద కొని, ఇంటి కోసం హాలో పాయింట్, అంటే మొనలో గుంట ఉన్న తూటాలు తెచ్చుకున్నాడట. దాదాపు ప్రతి మ్యాగజైన్‌లోనూ మొదటి తూటా బ్యారెల్ వెనుక నోటి దగ్గరి ఏటవాలు అంచుకు తగిలి ఆగిపోయిందట. ఆ సంగతి అతనికి రేంజిలోనే తెలిసింది కాబట్టి సరిపోయింది. నా మూడు వందల్లో ఒక్క హాలో పాయింట్ కూడా లేదు. నేను అబద్ధమేమీ రాయలేదు, కానీ నేను చూడని దానికి కూడా నా మాట హామీగా నిలబడింది.

ఇక రేంజి, ఇల్లు అని రెండింటినీ ఒకే ఊపిరిలో అనేశావు. రేంజిలో మనిషి కోరేది వందల తూటాలు కాల్చినా చెయ్యి నొప్పి పుట్టకపోవడం, గురి చక్కగా కుదరడం, ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకేలా కదలడం. ఇంట్లో కోరేది నెలల తరబడి కదలకుండా పడి ఉండి, ఒకే ఒక్కసారి, చీకట్లో, వణికే చేతిలో పనిచేయడం. నిజం చెప్పాలంటే ఈ రెండు అవసరాల్లో దేనికీ పిస్టల్ చిన్నదిగా ఉండనక్కరలేదు. కాంపాక్ట్ అన్నది ఒంటి మీద దాచుకుని తిరగడానికీ బాగా కాల్చడానికీ మధ్య కుదిరిన రాజీ. దాచుకునే అవసరమే లేనివాడికి పెద్ద పిస్టల్ ఎందుకు వద్దో నీ సమీక్ష చెప్పి తీరాలి. చేతులు చిన్నవి కావడం, చిన్న పెట్టెలో భద్రపరచవలసి రావడం వంటి సరైన కారణాలు ఉండవచ్చు. ఉంటే వాటిని రాయి.

"కాంపాక్ట్" అన్న మాటను కూడా కొలతలు లేకుండా వదలకు, తయారీదారులందరూ దాన్ని ఒకే అర్థంలో వాడరు. 1988లో వచ్చిన గ్లాక్ 19 బ్యారెల్ 102 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో 15 తూటాలు, ఖాళీ మ్యాగజైన్‌తో బరువు సుమారు 670 గ్రాములు. 2018లో వచ్చిన సిగ్ పీ365 బ్యారెల్ సుమారు 79 మిల్లీమీటర్లు, మొదటి మ్యాగజైన్‌లో 10 తూటాలు, బరువు అర కిలో. రెండూ అదే 9 మిల్లీమీటర్ల తూటాను కాలుస్తాయి, కానీ తేలికైనది చేతిని ఎక్కువగా తన్నుతుంది, దాని గొట్టం పొట్టిది కాబట్టి తూటా వేగమూ కాస్త తగ్గుతుంది. గురి కుదుర్చుకోవడానికి పిస్టల్ మీద ముందొకటి, వెనుకొకటి ఉండే సైట్ల మధ్య దూరం కూడా కుదించుకుపోతుంది. ఆ దూరం 150 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగితే 10 మీటర్లలో తూటా దాదాపు 67 మిల్లీమీటర్లు తప్పుతుంది, 125 ఉంటే 80 తప్పుతుంది. "చిన్నదైనా గురి అద్భుతం" అని నువ్వు రాసినచోట ఎంత దూరం నుంచో, చేతిని దేనిమీదైనా ఆనించావో లేదో, ఎన్ని తూటాల గుంపో లేదు. మూడు తూటాలు పక్కపక్కన పడటం అదృష్టం కూడా కావచ్చు. అయిదేసి తూటాల గుంపులు కనీసం అయిదు కాల్చి, వాటిలో అన్నిటికన్నా చెడ్డదాన్ని కూడా అచ్చు వేయి.

ట్రిగ్గర్ గురించి "మెత్తగా ఉంది" అని సరిపెట్టావు. పిస్టల్ ఖాళీగా ఉందని మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, కంటితోనూ వేలితోనూ రెండుసార్లు చూసుకున్నాక, తూటాను ఆపగల సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కు. మొదట వేలికి ఏమీ తగలని వదులు, తర్వాత గోడలా అడ్డుపడే బిగువు, ఆ బిగువు సాఫీగా తెగుతుందా లేక ఇసుక రేణువుల మీద జరిగినట్లు గరగరలాడుతుందా, తెగే చోటు ముందే తెలుస్తుందా లేదా. వేలు అలాగే నొక్కి ఉంచి స్లైడ్‌ను ఒకసారి లాగి వదులు. ఆ తర్వాత వేలిని సడలిస్తూ పోతే చిన్న టిక్కుమన్న చప్పుడుతో ట్రిగ్గర్ మళ్లీ సిద్ధమవుతుంది, అది ఎంత దూరంలో జరిగిందో గుర్తుపెట్టుకో. నీ వేలికి తెలిసినదంతా ఆ క్రమంలోనే కాగితం మీదికి రావాలి.

ఇంటి రక్షణ అన్నావు కాబట్టి గోడల సంగతి రాయకుండా ఉండలేవు. అమెరికా ఎఫ్‌బీఐ పాటించే పరీక్షలో తూటా, శరీర కండరానికి బదులుగా వాడే 10 శాతం జెలటిన్ దిమ్మెలో 12 నుంచి 18 అంగుళాల లోతుకు పోవాలని కోరతారు, అంటే 30 నుంచి 46 సెంటీమీటర్లు. అంత శక్తి ఉన్న తూటా లక్ష్యం తప్పితే, జిప్సం పలకలతో కట్టిన లోపలి గోడలను ఒకదాని తర్వాత ఒకటిగా దాటుకుని పోగలదు. హాలో పాయింట్ విచ్చుకుని ఆగిపోతుందన్న భరోసా కూడా అక్కడ చెల్లదు, జిప్సం పిండి దాని గుంటలో కూరుకుపోతే అది విచ్చుకోకపోవచ్చు. గోడకు అవతలి గదిలో ఎవరు పడుకున్నారన్నదే అక్కడ మొదటి ప్రశ్న. చెవుల సంగతి కూడా అలాంటిదే. ఈ పిస్టళ్ల శబ్దం 160 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, 140 దాటిన ఒక్క చప్పుడు కూడా వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. రేంజిలో చెవులకు తొడుగు ఉంటుంది, ఇంట్లో ఉండదు. వెలుతురు తగ్గించి కాల్చనిచ్చే రేంజి దొరికితే ఒక సాయంత్రం అక్కడ గడుపు. నల్లటి సైట్లు చీకట్లో ఎలా మాయమవుతాయో, బ్యారెల్ కింద లైటు బిగించడానికి చోటు ఉందా లేదా అన్నది ఎంత పెద్ద విషయమో అప్పుడు తెలుస్తుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది నీ సమీక్షలో భద్రపరచడం గురించి ఒక్క మాటైనా లేకపోవడం. పిల్లలున్న ఇంట్లో తాళం లేని పిస్టల్ ఏ దొంగ కన్నా దగ్గరి ప్రమాదం. త్వరగా తెరుచుకునే తాళపు పెట్టె ఒకటి తెచ్చి, అందులోంచి ఈ పిస్టల్‌ను లైటు వేయకుండా తీయడానికి నీకు ఎన్ని క్షణాలు పట్టిందో, పెట్టెలో అది ఇమిడిందో లేదో కొలిచి రాస్తే, నీ పాఠకులకు అది గుంపుల కొలత కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఒక మాట మరిచాను. పిస్టల్‌ను నువ్వు కొన్నావో, తయారీదారు నుంచి అరువు తెచ్చావో మొదటి పేరాలోనే చెప్పు.

ఇప్పుడు చేయవలసింది ఇది. ఇంట్లో పెట్టుకోబోయే హాలో పాయింట్ తూటాలు కనీసం రెండు వందలు, ఉన్న మ్యాగజైన్లన్నిటితో, మధ్యలో శుభ్రం చేయకుండా కాల్చు. ప్రతి ఆటంకాన్నీ అది జరిగిన వెంటనే నోటు పుస్తకంలో రాసుకో: ఎన్నో తూటా, ఏ మ్యాగజైన్, ఏ చెయ్యి, తూటా లోపలికి పోలేదా, తొడుగు బయటికి రాలేదా. ఎప్పుడైనా చప్పుడు మామూలు కన్నా మందంగా వినబడితే అక్కడే ఆగిపో, గొట్టంలో తూటా ఇరుక్కుని ఉండవచ్చు, తర్వాతిది పేలిస్తే బ్యారెల్ పగలవచ్చు. ఇంటికి రాగానే చేతులు కడుక్కో, తూటాల మసిలో సీసం ఉంటుంది.

తిరగరాసిన ప్రతితో పాటు ఆ నోటు పుస్తకం పేజీలు కూడా నాకు పంపు. కొట్టివేతలతో, మసి మరకలతో ఎలా ఉన్నా సరే, ముందు వాటినే చదువుతాను.

ఆశీస్సులతో.