ఆకలేసేలోపే సగం పని

చిన్నా,

మొన్న ఫోన్లో "వండుకోవాలనే ఉంది బాబాయ్, టైమే దొరకట్లేదు" అన్నావు. అప్పుడే చెబుదామనుకున్నాను గానీ, ఫోన్లో చెబితే సగం వింటావు, సగం ఇంకేదో చూసుకుంటూ ఉంటావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

టైమ్ లేదనే మాట నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. పెద్ద ఊళ్లో ఒంటరిగా ఉన్న రోజుల్లో నా ఫ్రిజ్‌లో ఉండేవి మూడే: ఎండిపోయిన అర చెక్క నిమ్మకాయ, మంచినీళ్ల సీసా, ఎప్పుడు కొన్నానో గుర్తులేని సాస్. రాత్రి తొమ్మిదింటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఫ్రిజ్ తలుపు తీసి నిలబడేవాణ్ణి. లోపలున్న ఆ మూడింటినీ కాసేపు చూసి, తలుపు మూసి, మళ్లీ మెట్లు దిగి తినడానికి బయటికి పోయేవాణ్ణి. అప్పటికి నాకు వంట రాదా అంటే, కొంచెం వచ్చు. కడుపు కాలుతుంటే ఉల్లిపాయ తొక్క తీసే ఓపిక ఉండదు, అదీ అసలు సంగతి. ఆకలేసే వేళకి పని సగమైనా అయిపోయి ఉండాలి.

అందుకని నువ్వు వంటల వీడియోల జోలికి వెళ్లకు. రాత్రి అలసిపోయి తలుపు తాళం తీసే మనిషి కోసం ముందే ఏం చేసిపెట్టవచ్చో చూడు. సెలవు రోజు గంటన్నర చాలు. ఏవో ఒక గింజలు ఒక గిన్నెడు ఉడకబెట్టు, అరడజను గుడ్లు ఉడకబెట్టు, నాలుగైదు ఉల్లిపాయలు వేయించి డబ్బాలో పెట్టు. ఈ మూడూ ఫ్రిజ్‌లో ఉంటే రాత్రికి పావుగంట పనే మిగులుతుంది. మొదట్లో వారానికి మూడు రాత్రులు వండుకుంటే చాలు. రేపట్నుంచి బయట తిననని ఒట్లు పెట్టుకున్నావంటే నాలుగో రోజుకే విసుగొస్తుంది. స్నేహితులు రమ్మంటే హాయిగా వెళ్లి తిను.

ఉల్లిపాయల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఐదు నిమిషాల్లో బంగారు రంగు వస్తుందని అందరూ రాస్తారు. రాదు. నేను మాత్రం నా స్టవ్‌లోనే ఏదో లోపం ఉందనుకున్నాను! ఉల్లిపాయ నిండా నీరే. ఆ నీరు ఉన్నంతసేపూ బాణలిలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, రంగు తిరగాలంటే 140 దాకా పోవాలి. చెవి పెట్టి వింటే నీకే తెలుస్తుంది. మొదట బుసబుసమని తడి చప్పుడు వస్తుంది, నీరు ఇగిరాక అది సన్నటి చిటపటగా మారుతుంది. అక్కణ్ణించి పక్కనే ఉండి కలుపు. లేత బంగారు రంగుకి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. తియ్యగా, ముదురు రంగులో కావాలంటే ముప్పావు గంట దగ్గర పడుతుంది. అడుగంటుతున్నట్టుంటే చెంచాడు నీళ్లు చల్లు. ఏ కూరగాయ వేయించినా ఇదే లెక్క. బాణలి నిండా కుక్కితే అవి వాటి నీళ్లలోనే ఉడుకుతాయి తప్ప వేగవు. రెండు విడతలుగా వేయించు.

గింజలైతే ముందు రోజు రాత్రే నానబెట్టు. ఆ నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే తొక్క మెత్తబడుతుంది. టమాటా, నిమ్మరసం లాంటి పులుపు ఏదైనా గింజ పూర్తిగా ఉడికాకే వెయ్యాలి. ముందే వేస్తే గంటసేపు మంట మండినా గట్టిగానే ఉంటాయి. రాజ్మా విషయంలో మాత్రం జాగ్రత్త. సరిగా ఉడకని రాజ్మా వాంతులు తెప్పిస్తుంది. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు కుతకుతా మరగనిచ్చి, తర్వాత మెత్తబడేదాకా ఉడికించు. ప్రెషర్ కుక్కర్ కొనుక్కుంటే ఇంకా హాయి. అందులో నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి పని చాలా తొందరగా అవుతుంది.

అన్నం దగ్గర నేను దెబ్బతిన్నాను. ఒకసారి రాత్రి వండింది స్టవ్ మీదే వదిలేసి పడుకున్నాను. పొద్దున దాన్నే పొగలు కక్కేలా వేడిచేసుకుని తిని ఆఫీసుకి పోయాను. మధ్యాహ్నం మీటింగ్‌లో రెండుసార్లు లేచి పరుగెత్తాల్సి వచ్చింది, మిగతాది నువ్వే ఊహించుకో. బాసిల్లస్ సీరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెట్టి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాటికి తినెయ్. మిగతా వండినవి మూడు రోజులు ఉంటాయి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు దాటకుండా చూసుకో.

ఇంకోటి. మొదటి రెండు మూడు వారాలు నీ వంట నీకే చప్పగా అనిపిస్తుంది. వంట కుదరలేదని కంగారుపడకు. బయటి తిండిలో ఉండే ఉప్పుకి, నూనెకి నాలుక అలవాటుపడిపోయి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాములలోపు ఉప్పు, అంటే ఇంచుమించు ఒక టీ చెంచా, అదీ రోజంతా తిన్న వాటన్నిటిలో కలిపి. చప్పగా ఉంటే ముందు దించేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడు. ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే లాగేస్తుందంటారు, నేను నమ్మి వేశాను, ఉప్పటి బంగాళాదుంప కూడా తినాల్సి వచ్చింది. నీళ్లో, ఉప్పు వెయ్యని ఇంకాస్త సరుకో కలపడం తప్ప దారి లేదు.

సామాన్లు ఎక్కువ కొనకు. నేను ఉత్సాహంకొద్దీ పదహారు గిన్నెల సెట్ కొన్నాను, పదమూడు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. బరువైన బాణలి ఒకటి, మూతున్న గిన్నె ఒకటి, పదునైన కత్తి ఒకటి చాలు. కత్తి మొద్దుబారితే గట్టిగా నొక్కుతాం, అప్పుడే జారి వేలు తెగుతుంది. కటింగ్ బోర్డు కింద తడిగుడ్డ పరిస్తే కదలకుండా ఉంటుంది. నూనెకి మంట అంటుకుంటే మాత్రం పొరపాటున కూడా నీళ్లు పొయ్యకు. స్టవ్ ఆపి మూత పెట్టెయ్, చల్లారేదాకా తియ్యకు.

ఈ శనివారం గుడ్లతో మొదలుపెట్టు. నీళ్లు మరిగాక గుడ్లని మెల్లగా అందులోకి దించి, పదకొండు నిమిషాలు ఉంచి, తీసి చన్నీళ్లలో వెయ్. పెంకు సులువుగా వస్తుంది. ఫోన్ చూసుకుంటూ గిన్నె ఎలాగూ ఒకటి మాడుస్తావు, నాకు తెలుసు. పీచుతో గీకుతూ కూర్చోకు. రెండు చెంచాల వంటసోడా వేసి, మాడిన మేరకు నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించు, చాలావరకు పొరలా లేచి వస్తుంది.

ఇట్లు,
నీ బాబాయి